బీబీఏ డిగ్రీ చేతికి రావాలంటే ఏవేవి పూర్తి కావాలి?

ప్రశ్న, చిత్తూరు నుంచి

అందరికీ నమస్కారం. మా చెల్లి 2024లో తిరుపతిలో బీబీఏలో చేరింది. ఇంటర్ బైపీసీ. మొదటి ఏడాది అకౌంటింగ్‌లో తప్పింది. క్రెడిట్లు, మేజరు, మైనరు అంటుంటే ఇంట్లో ఎవరికీ అర్థం కావడం లేదు. వేసవిలో ఇంటర్న్‌షిప్ చేయాలట. డబ్బిస్తే సర్టిఫికెట్ ఇప్పిస్తామని ఒకరు తిరుగుతున్నారు. తీసుకోవచ్చా? నాలుగో ఏడాది కూడా చదవాలా?

జవాబు, తిరుపతిలో కామర్స్ చెప్పే ఉపాధ్యాయురాలు

సర్టిఫికెట్ సంగతి ముందు చెబుతాను. వద్దు బాబూ, ఆ మనిషిని గుమ్మం దగ్గరి నుంచే పంపేయండి. మన రాష్ట్రంలో ఇంటర్న్‌షిప్‌కు దినచర్య పుస్తకం రాయాలి. ఏ రోజు ఏ పని చేసింది, ఏమి నేర్చుకుంది, పక్కన అక్కడి బాధ్యుడి సంతకం. తరువాత వైవా, అంటే నోటి పరీక్ష. ఎదురుగా కూర్చున్న అమ్మాయి పనిచోటు చూసిందో లేదో రెండు ప్రశ్నలకే తెలిసిపోతుంది.

మీ ఊళ్లోనే మంచి అవకాశం ఉంది. జూన్‌లో తోతాపురి మామిడి గుజ్జు పరిశ్రమలకు వస్తుంది. అక్కడ కొనుగోలు విభాగంలో అడిగి చూడండి. కాటా మీద నిండు బండి బరువు, దించాక ఖాళీ బండి బరువు, తేడా చీటీ మీద. ఆ చీటీ నుంచి రైతు ఖాతాకు డబ్బు ఎన్నాళ్లకు చేరుతోంది? ఈ ఒక్క దారి వెంట నడిస్తే కొనుగోలు, నిల్వ, అకౌంట్లు మూడూ కళ్లముందు కనిపిస్తాయి. 2025లో ధర పడిపోయినప్పుడు ప్రభుత్వం కిలోకు 4 రూపాయల సాయం ప్రకటించింది. అలా ఎందుకు చేయవలసి వచ్చిందన్నది ప్రాజెక్టుకు చక్కటి అంశం.

ఇక లెక్క. విశ్వవిద్యాలయాలకు నియమాలు పెట్టే యూజీసీ 2022 డిసెంబరు చట్రం ప్రకారం మూడేళ్ల డిగ్రీకి కనీసం 120 క్రెడిట్లు. తరగతి పాఠాలకైతే ఒక క్రెడిట్ అంటే సెమిస్టరులో 15 గంటలు. మేజరుకు, అంటే ప్రధాన సబ్జెక్టుకు 60, మైనరుకు, అంటే దానికి తోడుగా చదివే రెండో సబ్జెక్టుకు 24. మిగిలినవి భాషలు, నైపుణ్య కోర్సులు, విలువల కోర్సులు, ఇతర శాస్త్రాలు, ఇంటర్న్‌షిప్‌ల మీద పడతాయి. విశ్వవిద్యాలయాన్ని బట్టి ఈ పంపకం మారుతుంది. కాబట్టి 2024లో చేరినవారి నియమావళిని కాలేజీలో అడిగి తీసుకోండి. సీనియర్ల పట్టిక పనికిరాదు.

అకౌంటింగ్‌ను మాత్రం ఆఖరి ఏడాదికి నెట్టకండి. తప్పిన పేపరు క్రెడిట్లు రాకపోవడం ఒక నష్టం. ఆ పునాది లేకుండా ఫైనాన్షియల్ మేనేజ్‌మెంట్ తరగతిలో కూర్చోవడం అంతకన్నా కష్టం. బైపీసీ అని భయం వద్దు, కావలసింది కూడికలు, తీసివేతలు, ఓపిక. రోజూ కొన్ని చిట్టాపద్దులు (జర్నల్ ఎంట్రీలు) చేత్తో రాసి, వాటిని ఆవర్జాలోకి (లెడ్జర్) ఎక్కించి, అంకణా (ట్రయల్ బ్యాలెన్స్) సరిపోయేదాకా లేవకూడదు. చదివితే వచ్చేది కాదు ఇది, రాస్తేనే వస్తుంది.

మరో జవాబు, ఎంబీఏ చదువుతున్న అమ్మాయి

అన్నా, ఎంబీఏ లక్ష్యమైతే నాలుగో ఏడాది అవసరం లేదు. మూడేళ్ల డిగ్రీలో 50 శాతం, రిజర్వుడు వర్గాలకు 45 శాతం ఉంటే ఎంబీఏ ప్రవేశ పరీక్ష ఐసెట్‌కు చాలు. పరిశోధన వైపు వెళ్లాలనుకుంటే మాత్రం నాలుగో ఏడాది ఆలోచించండి. పరిశోధనతో కూడిన ఆనర్స్‌కు, అంటే ఆ నాలుగేళ్ల డిగ్రీకి, మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం అడుగుతారు. ఇంకొకటి, డిజిలాకర్‌లో అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ ఖాతా, అంటే సంపాదించిన క్రెడిట్లు జమయ్యే ఖాతా తెరిచారా? పదో తరగతి మెమోలోని పేరు, ఆధార్‌లోని పేరు ఒకేలా ఉండాలి. ఇంటిపేరు ఒకచోట ముందు, మరోచోట వెనుక ఉండి ఇబ్బంది పడేవాళ్లు చాలామంది.

అడిగిన అన్న

మేడమ్, చెల్లీ, ఇద్దరికీ కృతజ్ఞతలు. ఆధార్‌లో ఇంటిపేరు మొదటి అక్షరం మాత్రమే ఉంది. ముందు ఏది చేయమంటారు?

ఉపాధ్యాయురాలు

సప్లిమెంటరీ ఫీజు గడువు రేపే కాలేజీలో కనుక్కోండి, అది దాటితే మళ్లీ ఎదురుచూడాలి. ఆధార్ సవరణ ఈ నెలలోనే పెట్టండి. గుజ్జు పరిశ్రమకు కాలేజీ లెటర్‌హెడ్ మీద వినతిపత్రం ఏప్రిల్‌లోనే అందాలి. సీజన్ మొదలయ్యాక అక్కడ మీ మాట వినే తీరిక ఎవరికీ ఉండదు.