సమస్య: "నిన్న రేపు వచ్చె నేస్తకాఁడు"

నిర్వాహకుడు:
ఆదివారం కదా, చిన్న ఆటవెలది పాదమే ఇచ్చారులే అనుకోకండి. నిన్న ఎక్కడ, రేపు ఎక్కడ? పాదంలో ఒక్క అక్షరం కదపకూడదు. ముందు మూడు పాదాలూ మీవి, వాటితో ఈ నాలుగో పాదానికి అర్థం కుదరాలి.

డల్లాస్ తమ్ముడు:
ఇక్కడ రాత్రి రెండు దాటింది. నిద్ర మత్తులో తప్పులుంటే మన్నించాలి.

అచటి రేయి యిచట నగుపించు పవలుగా
తేది మారిపోయె గమ్మతుగను
గగన మార్గమందుఁ గడలి దాటుచు వచ్చి
నిన్న రేపు వచ్చె నేస్తకాఁడు

బందరు మాస్టారు:
ఊహ బాగుంది నాయనా, రెండో పాదంలో యతి, అదే పాదం మొదటి అక్షరానికి నడుమ అక్షరంతో కుదరాల్సిన జత, కూలింది. 'తే'కి 'గ'తో మైత్రి ఎక్కడిది? "తేది మారిపోయెఁ దెలియలేదు" అను, సరిపోతుంది. 'వచ్చి... వచ్చె' రెండుసార్లు పడింది, అది కూడా చూసుకో. ఇక లెక్క. మీకూ మాకూ తేడా 10 గంటల 30 నిమిషాలు, చలికాలంలో ఇంకో గంట. దాంతో నిన్నని ఇవాళ దాకా లాగొచ్చు గానీ రేపటి దాకా లాగలేం.

హైదరాబాద్ కుర్రాడు:
నేను 'రేపు'ని క్రియగా వాడాను. చిచ్చు రేపడం, ఆశ రేపడం లాగా.

పాత గొడవ తీసి పరువు వీధినిఁ బెట్టి
పదుగు రెదుట నన్నుఁ బలుచఁ జేసి
చిచ్చు గుండెలోనఁ జిటపటలాడంగ
నిన్న రేపు, వచ్చె నేస్తకాఁడు

బందరు మాస్టారు:
విరుపు గడుసుగానే ఉంది. యతులకు వంక లేదు. కానీ 'రేపు' తద్ధర్మ క్రియ, అంటే ఎప్పుడూ చేసే పనిని చెప్పేది, 'రేపుతాడు' అన్నట్టు. జరిగిపోయిన నిన్నకి అదెలా అతుకుతుంది? 'నిన్న రేపె' అనాలి, అంటే సమస్యే మారిపోతుంది.

అనంతపురం అక్క:
మాస్టారూ, పిల్లాడి తరఫున ఒక మాట. 'నిన్న'ని కాలంగా కాకుండా కర్మగా చూడండి. నిన్నను రేపుతాడు, అంటే అయిపోయిన సంగతులు తవ్వుతాడు. జడానికి, అంటే ప్రాణం లేనిదానికి, 'ను' చేరే ద్వితీయ బదులు అది లేని ప్రథమ రావచ్చని వ్యాకరణమే ఒప్పుకుంటుంది కదా. అట్లాంటోళ్ళు ఎప్పుడూ తవ్వుతూనే ఉంటారు కాబట్టి తద్ధర్మం కూడా సరిపోయింది.

హైదరాబాద్ కుర్రాడు:
అక్కా, నిజం చెప్పాలంటే నేను అంత ఆలోచించలేదు. కానీ ఇక నుంచి ఆలోచించే రాశానని చెప్పుకుంటా.

బందరు మాస్టారు:
ఒప్పుకున్నాను, అక్క వాదనకి. ఇక నా పూరణ.

కోడి కూసినంత గుమ్మంబు కడ నిల్చి
తలుపుఁ దట్టి నిదురఁ దరిమినాఁడు
మాపు వత్తుననిన మాటను విడనాడి
నిన్న రేపు వచ్చె నేస్తకాఁడు

సాయంత్రం వస్తానన్నవాడు తెల్లవారకుండానే దిగాడు. అంతే, అందులో వింతేం లేదు. 'రేపు' అంటే మొదట తెల్లవారు వేళే. 1852 నాటి బ్రౌన్ నిఘంటువులోనూ ఈ అర్థం కనిపిస్తుంది. 'రేపకడ' అన్నా వేకువే. పాతకాలం మాట అని పక్కన పెట్టేయకండి, మనందరి నోట్లోనూ ఉంది. "రేపో మాపో వస్తాడు" అంటామా? మాపు అంటే సాయంత్రం, రాత్రి. దానికి జోడీగా ఉన్న రేపు ఉదయం కాక ఇంకేమిటి? రాత్రి పడుకోబోతూ "రేపు చూద్దాం" అంటే పొద్దున చూద్దామనే. ఆ పొద్దున ఎటూ మర్నాడే కాబట్టి, మాట మెల్లగా రోజంతటికీ పాకింది. ఇంగ్లీషు వాళ్ళ టుమారో కూడా ఉదయం లోంచి పుట్టిందే. హిందీ 'కల్'కి మూలం సంస్కృత 'కల్యం', అమరకోశంలో వేకువ పేర్లయిన ప్రత్యూషం, అహర్ముఖం పక్కన ఉంటుంది. అయితే వాళ్ళ కల్ నిన్నకీ రేపటికీ ఒకటే, వాళ్ళకి ఈ సమస్య ఇస్తే నవ్వుతారు.

అనంతపురం అక్క:
గుమ్మం దగ్గర నిలబడి, తలుపు తట్టి, ఆ తర్వాత వచ్చాడా మాస్టారూ? క్రమం తిరగబడింది.

బందరు మాస్టారు:
'తరిమినాఁడు' దగ్గర వాక్యం ఆగింది తల్లీ. తర్వాతది వేరే వాక్యం. అయినా గుచ్చావు, దెబ్బ తగిలింది.

అనంతపురం అక్క:
మా వైపు ఇప్పటికీ "మాపటికి వస్తా" అంటారు. మాపు మిగిలింది, దాని జతే రేపటికి జారిపోయింది. ఇదిగో నాది. చేలో కాయంటే మాకు వేరుశనగే.

చేని కాయలన్ని చేతఁ బెఱుకలేక
చింతపడుచు నుండఁ జెలిమికొలఁది
కూడు మూటఁ బట్టి కూలీల వెంటేసి
నిన్న రేపు వచ్చె నేస్తకాఁడు

బందరు మాస్టారు:
నాదాని కంటే ఇదే నయం. పొద్దెక్కకముందే చేలో దిగాలి కాబట్టి ఇక్కడ 'రేపు' రావడానికి ఒక కారణం ఉంది. నా పద్యంలో వాడు మాపు వచ్చినా కొంప మునిగేది లేదు. ఒక్క 'వెంటేసి' మాత్రం గ్రాంథికంలో పంటికింద రాయి. "కూలీలఁ దోడ్కొని" అంటే గణాలూ చెడవు.

అనంతపురం అక్క:
మారుస్తా. కానీ మా ఊళ్ళో చదివి వినిపించేటప్పుడు వెంటేసే అంటా.

నిర్వాహకుడు:
ఈ వారం అక్కయ్యదే. కుర్రాడి విరుపుకి రెండో స్థానం, అందులో సగం వకీలుకి.

డల్లాస్ తమ్ముడు:
యతి సవరించాను గురువుగారూ. లెక్క మాత్రం నా వల్ల కాదు. మీరంతా వాదించుకుంటుంటే ఇక్కడ రేపైపోయింది, కాఫీ పెట్టుకుంటా.