మిథైల్ ఆంత్రనిలేట్‌లో ఉన్నది అనిలమా, నీలమా?

దేవరకొండ నుంచి ప్రశ్న: మా అబ్బాయి కెమిస్ట్రీ నోట్సులో మిథైల్ ఆంత్రనిలేట్ అని కనిపించింది, ద్రాక్ష వాసన ఇచ్చే ఎస్టర్ అనే రకం రసాయనం అట. అందులో 'అనిల' ఉంది కదా, గాలికి గంధవహుడని పేరు, వాసన మోసుకొచ్చేది గాలే, మరి ఇది మన అనిలమేనా? తెలిసినవాళ్లు చెప్పండి.

జవాబు: అన్నా, గంధవహుడి దాకా ఆలోచించారు చూడండి, అది నాకు చాలా నచ్చింది. కానీ ఇందులో ఉన్నది నీలి. సంస్కృతంలో నీలిమందు చెట్టును నీలీ అంటారు, సరుకుతో పాటే మాట కూడా పారసీకానికి, అరబ్బీకి పోయి నీల్ అయింది, అరబ్బులు ముందు అల్ చేర్చి అన్నీల్ అని పలికితే పోర్చుగీసు వాళ్లు దాన్ని అనిల్ చేశారు. 1840 ప్రాంతంలో ఫ్రిట్షె అనే రసాయన శాస్త్రవేత్త నీలిమందును ఘాటు క్షారంతో కాచి ఒక నూనెలాంటి ద్రవం తీసి దానికి అనిలిన్ అని పేరు పెట్టాడు, ఆ నీలిమందు నుంచే వచ్చిన ఇంకొకటి ఆంత్రనిలిక్ ఆమ్లం. ముందున్న 'ఆంత్ర' గ్రీకు మాట, బొగ్గు అని అర్థం, ఆంత్రసైట్ బొగ్గు పేరులోనూ ఉంది. పేగును మనం ఆంత్రం అంటాం, దానికీ దీనికీ చుట్టరికం లేదు.

ఆ ఆమ్లానికి మిథైల్ ఆల్కహాల్ కలిస్తే వచ్చే ఎస్టరే ఇది. పేరులో ద్రాక్ష ఎందుకు లేదంటే, దీన్ని ముందు 19వ శతాబ్దం చివర్లో నారింజ పూల నూనెలో కనిపెట్టారు, అమెరికా వాళ్ల కాంకర్డ్ ద్రాక్ష రసంలో ఉందని 1921లో గాని తేలలేదు. ఊదారంగు చాక్లెట్ కాగితం విప్పగానే గుప్పుమనేది ఈ వాసనే. మన బండ్ల మీద కిలో లెక్కన కొనే థామ్సన్ ద్రాక్షలో అది రాదు, ఆ జాతే వేరు. మన మల్లెపూలలో మాత్రం ఈ పదార్థం కొద్దిగా ఉంటుంది, అందుకే నాకు దీన్ని ఉత్త 'ద్రాక్ష వాసన' అని తెలుగు చేస్తే మనసొప్పదు.

అచ్చంపేట నుంచి: మనుషులకు ఇంత ఇష్టమైన ఈ వాసన పిట్టలకు అస్సలు పడదు అక్కా, వాటికి మంట పుడుతుంది. బయటి దేశాల్లో పండ్ల తోటల మీద పిట్టలు వాలకుండా కొడతారు. మా దగ్గర జొన్నచేనుకు ఇంకా మంచె, వడిసెలే.

నల్లగొండ నుంచి: నీలి మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా, మా ఊరి పాత పేరు నీలగిరి, మున్సిపాలిటీ పేరులోనూ అదే వాడారు. నీలం అంటే నలుపు అనే అర్థం కూడా ఉండబట్టే నీలగిరి, నల్లగొండ రెండూ ఒకే కొండకు సరిపోయాయి. నీలవేణి అంటే నల్లని జడే కదా.

జవాబు: మంచి మాట గుర్తుచేశారు తమ్ముడూ. నల్లద్రాక్ష కూడా నిజానికి ముదురు ఊదా, అయినా మనకది నల్లదే. పుట్టపాక, పోచంపల్లి వైపు వాళ్లెవరైనా గుంపులో ఉంటే ఒక్క సాయం చేయండి, నూలుకు నీలి అద్దేటప్పుడు లేత, ముదురు ఛాయలకు ఇంట్లో పెద్దవాళ్లు వాడే మాటలు అడిగి ఇక్కడ రాయండి, రాసేటప్పుడు వాళ్లు పలికినట్టే రాయండి, దిద్దకండి.