మానసిక ఆరోగ్య నర్సింగ్: డిప్లొమానా, ఎమ్మెస్సీనా?

బీఎస్సీ నర్సింగ్ పూర్తయి ఏడాదిగా వైద్య విభాగం వార్డులో పనిచేస్తున్నాను. మనసు మాత్రం ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయంలో చేసిన శిక్షణ దగ్గరే ఉండిపోయింది. మాత్రలు వద్దని మొండికేసిన ఒకామె పక్కన కూర్చుని, జడ అల్లుతూ, ఊరి కబుర్లు అడుగుతూనే మాత్రలు మింగించిన సీనియర్ సిస్టర్ నైపుణ్యం నాకు రావాలి.

బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్‌లో మానసిక నర్సింగ్ చదవాలని ఉంది. ఏడాది డిప్లొమా సరిపోతుందా, రెండేళ్ల ఎమ్మెస్సీకే వెళ్లాలా? నాకు బోధన కన్నా వార్డులో పనే ఇష్టం.

ఈలోగా ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఇంటర్వ్యూ ఉంది. రోగి దాడికి దిగితే ఏం చేస్తావని తప్పక అడుగుతారట. ముందు మాటలతో శాంతపరచడం, చుట్టూ ఉన్నవారిని దూరంగా పంపడం, సాయం పిలవడం చెబుతాను. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం రోగిని కదలకుండా కట్టడి చేయడం వేరే దారి లేనప్పుడే, అదీ సైకియాట్రిస్టు అనుమతితోనే కదా. ఆత్మహత్య ఆలోచనలున్న రోగి గురించి ఎంత లోతుగా అడుగుతారు? రాత్రి డ్యూటీలో ఎంతమందికి ఒక నర్సు అని నేను అడిగితే తప్పుగా అనుకుంటారా?

ఇంట్లో అమ్మ భయపడుతోంది. ఈ విభాగంలో ఏళ్లుగా పనిచేస్తున్న అక్కలు, అన్నలు దయచేసి చెప్పండి, మీ ఇంట్లోవాళ్లను ఎలా ఒప్పించారు?