20 నానోమీటర్ల బంగారు పొర: ఇన్‌ఫ్రారెడ్‌లో పరావర్తనం + ప్రసారం 1 దాటుతోంది

ప్రశ్న:
సిలికాన్ మీద 20 నానోమీటర్ల బంగారం, 3–12 మైక్రాన్ల మధ్య ఎఫ్‌డీటీడీ రన్ (కాంతి తరంగాన్ని గళ్లలో, కాలంలో అడుగడుగునా లెక్కించే పద్ధతి). మెటీరియల్ జాన్సన్–క్రిస్టీ డేటా (బంగారం ఆప్టికల్ గుణాల కొలతలు), దానికి సూత్రం అమర్చే ఫిట్ సాఫ్ట్‌వేరే చేసింది. మందం దిశలో మెష్ (గడి సైజు) 5 నానోమీటర్లు. 8 మైక్రాన్లు దాటాక పరావర్తనం, ప్రసారం కలిపితే 1.01 వస్తోంది, అంటే పడిన కాంతి కన్నా ఎక్కువ. మెష్ 1కి దించినా అంతే. తేడా ఎక్కడుంది?

జవాబు 1:
మెష్ దించినా అంకె కదల్లేదంటే తప్పు మెటీరియల్‌లో ఉందండీ. జాన్సన్–క్రిస్టీ (1972) కొలతలు 1.94 మైక్రాన్ల దగ్గరే ఆగిపోతాయి, ఆ తర్వాతదంతా ఫిట్ అల్లుకున్నదే. ఎప్సిలాన్ (పెర్మిటివిటీ) ఇమాజినరీ భాగం, అంటే శోషణని చెప్పేది, ప్లాట్ చేసి చూడండి. ఎక్కడో గుర్తు తిరగబడి ఉంటుంది, అక్కడి నుంచి పొర కాంతిని పీల్చుకోకుండా పెంచుతుంది.

ఈ రేంజిలో బంగారానికి ఒక్క డ్రూడ్ పదం (స్వేచ్ఛా ఎలక్ట్రాన్ల మోడల్) చాలు. ప్లాస్మా శక్తి 9.0 ఈవీ (ఎలక్ట్రాన్ వోల్టులు), గామా (ఎలక్ట్రాన్లు ఢీకొనే రేటు) 0.027 ఈవీ ఇస్తే 10 మైక్రాన్ల దగ్గర రియల్ భాగం −5030, ఇమాజినరీ 1095 రావాలి. ముందు ఇది సరిపోల్చుకోండి.

జవాబు 2:
అసలు చదును పొరకి ఎఫ్‌డీటీడీ దేనికి? 1 నానోమీటర్ సెల్‌కి టైమ్ స్టెప్ 3.3 అట్టోసెకన్లకు (ఒక అట్టోసెకను = 10⁻¹⁸ సెకను) మించకూడదు. 10 మైక్రాన్ల తరంగం ఒక్క ఆవర్తనానికే పదివేల స్టెప్పులు! ట్రాన్స్‌ఫర్ మ్యాట్రిక్స్‌తో (ఒక్కో పొరకి ఒక్కో మాత్రిక గుణించే పద్ధతి) క్షణంలో అయిపోతుంది. ప్రసారం లెక్కలో ఆంప్లిట్యూడ్ వర్గాన్ని సిలికాన్ వక్రీభవన గుణకం 3.42తో గుణించడం మరవకండి.

కోడ్‌ని నమ్మే ముందు ఒక పరీక్ష: గాలిలో 10 నానోమీటర్ల పొర, వాహకత మీటరుకి 5.3 లక్షల సీమెన్స్. షీట్ నిరోధం (చదరపు పొర ఒక అంచు నుంచి ఎదుటి అంచుకి ఇచ్చే నిరోధం) 188.5 ఓములు, అంటే శూన్యపు 377లో సగం, అవుతుంది కాబట్టి పరావర్తనం 25, ప్రసారం 25, శోషణ 50 శాతం దగ్గర రావాలి.

ప్రశ్న వేసినవారు:
నిజమే, 7.9 మైక్రాన్ల దగ్గర గుర్తు తిరగబడింది. డ్రూడ్ పెట్టాక 1 లోపలే ఉంది. కానీ 10 మైక్రాన్ల దగ్గర మోడల్ శోషణ 1.3 శాతం, కొలత 3 శాతం.

జవాబు 3:
మీరు పెట్టింది దిమ్మ (మందపాటి ముద్ద) బంగారం గామా. పలుచటి పొరలో ఎలక్ట్రాన్లు అంచులకి కూడా కొట్టుకుంటాయి: ఫెర్మి వేగం సెకనుకి 14 లక్షల మీటర్లు, దాన్ని 20 నానోమీటర్లతో భాగిస్తే సెకనుకి 7×10¹³ ఢీలు. దిమ్మ విలువ 4.1×10¹³ మాత్రమే. అయితే గ్రెయిన్ (పొరలోని చిన్న స్ఫటికాలు) అంచుల వాటా ఈ సూత్రంలో లేదు, అందుకే ఫోర్-పాయింట్ ప్రోబ్‌తో (నాలుగు సూదుల కొలత పరికరం) షీట్ నిరోధం కొలవడమే మేలు. మీ మందానికి ఒక్కో ఓముకి గామా 3.3×10¹³. 3 ఓములు వస్తే గామా 0.065 ఈవీ, దాంతో శోషణ సరిగ్గా 3 శాతం దగ్గరికి చేరుతుంది.

బంగారం అంటుకోడానికి కింద క్రోమియమో టైటానియమో వేసి ఉంటే దాన్ని విడి పొరగా పెట్టండి, బంగారంలో కలిపేయొద్దు.