చిలికా దీవిలోని మా చిత్రశాల ఆదాయాన్ని పురావస్తు పరిరక్షణకు ఎలా చేర్చాలి?

నమస్కారం. మాది ఒడిశాలోని గంజాం జిల్లా, బరంపురం. ఇక్కడి తెలుగు చిత్రకారులం కొందరం కలిసి చిలికా సరస్సులోని ఒక దీవిలో చిన్న చిత్రశాల నడుపుతున్నాము. జౌగడలోని అశోకుని శిలాశాసనాన్ని, తవ్వకాల్లో చైనా పింగాణీ ముక్కలు బయటపడిన ప్రాచీన రేవు మాణికపట్నాన్ని చిత్రించి, అమ్మగా వచ్చిన సొమ్ములో సగం పరిరక్షణకు ఇవ్వాలన్నది మా సంకల్పం. 1996లో కేంద్రం నెలకొల్పిన జాతీయ సంస్కృతి నిధికి ఇస్తే, ఆ మొత్తాన్ని జౌగడకే వినియోగించమని మావంటి చిన్న దాతలు కోరవచ్చునా?

మరొక సందేహం. జాలరులు వలల్లో చిక్కిన పాత కుండపెంకులను ఎంతో ప్రేమతో మాకు తెచ్చి ఇస్తున్నారు. నూరేళ్లు దాటిన వస్తువులకు 1972 నాటి పురావస్తువుల చట్టం వర్తిస్తుంది కనుక, వాటిని ప్రదర్శనకు పెట్టకుండా ప్రభుత్వానికి అప్పగించడమే న్యాయమని నా అభిప్రాయం. దొరికిన చోటు వివరాలను ఎలా నమోదు చేసి, ఏ అధికారికి అందజేయాలో అనుభవజ్ఞులు తెలుపవలసిందిగా ప్రార్థన.