‘సత్యమేవ జయతే’: సత్యం కర్తా, కర్మా?

ప్రశ్న

పెద్దలకు నమస్కారం. ‘గెలుచు’ అనే అర్థమున్న జి ధాతువు పరస్మైపది (‘తి’తో ముగిసే రూపం తీసుకునేది) కాబట్టి జాతీయ చిహ్నం కింద ‘సత్యమేవ జయతి’ అని ఉండాలి కదా అని మా తరగతిలో ఒక విద్యార్థిని అడిగింది. ‘జయతే’ అన్నది అచ్చుతప్పా, ఆర్షప్రయోగమా (ఋషుల వాడుకా)? ఆ మాటలు అశోకుని స్తంభం మీద చెక్కినవేనా? పాఠశాల గోడమీద తెలుగులో రాయించాలంటే ఏ వాక్యం సరిపోతుందో కూడా చెప్పగలరు.

సమాధానం

అమ్మా, ఆ అమ్మాయి సందేహం న్యాయమైనదే. ‘విపరాభ్యాం జేః’ అన్న పాణిని సూత్రం (1.3.19) ప్రకారం వి, పరా అనే ఉపసర్గలు ముందున్నప్పుడు జి ధాతువుకు ఆత్మనేపదం (‘తే’తో ముగిసే రూపం) వస్తుంది, విజయతే, పరాజయతే అనడం అందువల్లనే. ఉపసర్గ లేనప్పుడు లౌకిక సంస్కృతంలో జయతి అనే అనాలి. అయితే ఈ వాక్యం అథర్వవేదానికి చెందిన ముండకోపనిషత్తులోనిది (3.1.6). వేదభాషలో పదవ్యత్యయం (ఈ రెండు పదాల తారుమారు) ఉంటుందని ‘వ్యత్యయో బహులమ్’ (3.1.85) అన్న సూత్రంతో పాణినియే అనుమతించాడు కనుక దీన్ని ఆర్షమనడమే సరి. కొన్ని ముద్రణల్లో ‘జయతి’ అన్న పాఠమూ కనిపిస్తుంది. శంకరాచార్యులు తమ భాష్యంలో ‘జయతే’కు ‘జయతి’ అని అర్థం చెప్పి సాగిపోయారు.

వ్యాకరణం కన్నా ఆసక్తికరమైన మాట ఆ భాష్యంలోనే ఉన్నది. ‘సత్యమేవ’ అంటే ‘సత్యవానేవ’, అంటే సత్యం కలిగిన మనిషే గెలుస్తాడని, మనిషిని ఆశ్రయించని వట్టి సత్యానృతాలకు (నిజానికీ అబద్ధానికీ) జయమో పరాజయమో సంభవించదని శంకరులు వివరించారు. మనం వేదికల మీద వినే ‘చివరికి సత్యమే గెలుస్తుంది’ అన్న ఊరడింపుకూ దీనికీ చాలా దూరం ఉన్నది. ఆ ‘చివరికి’ మంత్రంలో లేదు, భాష్యంలోనూ లేదు. సత్యం తనంతట తానే గెలిచి వస్తుంది, మనం కూర్చుని చూడవచ్చు అన్న ధీమాను ఆ ఒక్క మాట మనమే చేర్చుకున్నాము.

మంత్రం మొత్తం చదివితే సంగతి ఇంకా స్పష్టపడుతుంది:

సత్యమేవ జయతే నానృతం
సత్యేన పంథా వితతో దేవయానః
యేనాక్రమంత్యృషయో హ్యాప్తకామా
యత్ర తత్సత్యస్య పరమం నిధానమ్

దేవయానమనే దారి సత్యంతో పరచబడి ఉన్నదని, కోరికలు తీరిన ఋషులు ఆ దారిన నడిచి సత్యానికి పరమనిధానమైన చోటికి చేరుతారని భావం. (ఇక్కడి ‘ఆక్రమంతి’కి నడుస్తారని అర్థం, తెలుగులో ‘ఆక్రమించు’ కబ్జాలకే పరిమితమైపోయింది కాబట్టి పిల్లలకు ముందే చెప్పడం మంచిది.) దీనికి ముందరి మంత్రం ‘సత్యేన లభ్యః’ అంటూ ఆత్మ సత్యం చేత లభిస్తుందని చెబుతుంది. ఈ సందర్భాన్ని పట్టుకుని ‘సత్యం’ కర్త కాదనీ, కర్మ అనీ అన్వయించినవారు ఆధునిక పండితులలో ఉన్నారు. నపుంసకలింగంలో ప్రథమకూ ద్వితీయకూ రూపం ఒకటే కావడం వల్ల ఆ అన్వయం కుదురుతుంది: సాధకుడు సత్యాన్నే గెలుచుకొంటాడు, అనృతాన్ని కాదు. గెలుచు, గెలుచుకొను అన్న మన భేదంలో ‘కొను’ చేసే పని, ఫలం కర్తకే చెందుతుందని తెలిపే ఆత్మనేపదం చేసే పనికి దగ్గరిది. నా మొగ్గు శంకరుల వైపే, ఎందుకంటే కర్తను బయటినుంచి తెచ్చుకోవలసిన అవసరం అక్కడ లేదు. అయినా రెండు అన్వయాలలోనూ నడవవలసినవాడు మనిషే.

స్తంభం విషయానికి వస్తే, సారనాథ్‌లో 1904-05 తవ్వకాలలో బయటపడిన అశోకస్తంభం మీద ఈ మాటలు లేవు. దాని మీద బ్రాహ్మీలిపిలో, ప్రాకృతంలో ఉన్నది సంఘభేద శాసనం. బౌద్ధసంఘాన్ని చీల్చిన భిక్షువుకైనా భిక్షుణికైనా తెల్లబట్టలు కట్టించి ఆవాసం వెలుపల ఉంచాలన్నది దాని ఆజ్ఞ. 1950 జనవరి 26న చిహ్నాన్ని స్వీకరించినప్పుడు సింహశీర్షం కింద ఉపనిషద్వాక్యాన్ని దేవనాగరిలో చేర్చారు. 

మరొక సభ్యుని సందేహం

అయ్యా, బౌద్ధశిల్పానికి వైదికవాక్యాన్ని అతికించడం అతుకులాగానే ఉండదా?

సమాధానం

చరిత్ర దృష్టితో చూస్తే అది అతుకే, దాచవలసిన పని లేదు. సింహాల మీద ఒకప్పుడు నిలిచిన పెద్ద ధర్మచక్రం శకలాలుగా మాత్రమే దొరికింది, గంట ఆకారపు పద్మపీఠాన్ని చిహ్నంలో వదిలేశారు; అంటే చిహ్నం శిల్పానికి యథాతథమైన నకలు కూడా కాదు. బుద్ధుడు తొలిసారి ధర్మం బోధించిన చోట నిలిచిన రాతికి సత్యాన్ని గురించిన వాక్యం అర్థంలో పరాయిదని మాత్రం నేను అనుకోను.

ఇక గోడమీద రాత సంగతి. తమిళనాడు తన రాజముద్రలో ‘వాయ్‌మైయే వెల్లుం’ అని తమిళంలోనే రాసుకున్నది. మనకు ‘సత్యమే జయించును’ సరిపోతుంది. సంస్కృతపు ‘ఏవ’కు మన ఏకారం చక్కగా అమరింది. ‘జయిస్తుంది’ అంటే రేపటి మాట అన్న భ్రమ కలగవచ్చు. ‘జయించును’ తద్ధర్మార్థకం కనుక ఎప్పుడూ అంతే అన్న భావం నిలుస్తుంది. ‘చివరికి’ అన్న మాటను మాత్రం దయచేసి చేర్చనివ్వకండి.