కొన్ని ఆన్‌లైన్ రోల్ ప్లేయింగ్ గేముల్లో జంప్ ఎందుకు పెట్టరు?

ప్రశ్న (రాయగడ, ఒడిశా)

అందరికీ నమస్కారం. మా ఇంట్లో తెలుగు, బయట ఒడియా కావడంతో ఇలాంటి విషయాలను తెలుగులో మాట్లాడుకునే అవకాశం నాకు తక్కువ. అందుకే ఇక్కడ అడుగుతున్నాను. నేనూ మా తమ్ముడూ నెల రోజులుగా ఒక పాత ఆన్‌లైన్ గేమ్ ఆడుతున్నాం. మొన్న రాత్రి మా క్యారెక్టర్ మోకాలి ఎత్తు కూడా లేని రాతిగోడ దగ్గర ఆగిపోయింది. గోడకు అవతల, నాలుగడుగుల దూరంలో, మా జట్టులోని వైద్యుడిని తోడేళ్లు చుట్టుముట్టాయి. స్పేస్‌బార్ ఎన్నిసార్లు నొక్కినా ఫలితం లేదు, ఆ గేములో జంప్ అన్నదే లేదు. గోడ వెంబడి నడిచి, ద్వారం వెతుక్కుని వెళ్లేసరికి అంతా అయిపోయింది. డ్రాగన్‌ను చంపినవాడు ఈ గట్టు దాటలేడా అని తమ్ముడు అడిగితే నాకు సమాధానం తోచలేదు. ఇది తయారీదారుల బద్ధకమా, సాంకేతిక ఇబ్బందా, లేక కావాలని తీసుకున్న నిర్ణయమా?

జవాబు (బరంపురం)

బద్ధకం కాదండి. నేను సర్వర్ (అందరి ఆటనూ కలిపి నడిపే కేంద్ర కంప్యూటర్) ప్రోగ్రాములు రాసే పనిలో ఉన్నాను కనుక ఆ వైపు నుంచి చెబుతాను. వెళ్లవలసిన చోట మౌస్‌తో నొక్కి నడిపించే గేముల్లో మీ కంప్యూటర్ సర్వర్‌కు చెప్పేది దాదాపు ఒక్క మాటే: నేను అక్కడికి వెళ్లాలి. ఎక్కడ అడుగు పెట్టవచ్చో ముందే గీసి ఉంచిన పటం చూసి సర్వర్ దారి ఖాయం చేస్తుంది. 2001లో వచ్చిన రూన్‌స్కేప్‌లో నేలంతా గళ్లే, సర్వర్ 0.6 సెకనుకు ఒకసారి లెక్క చూసి ఎవరు ఏ గడిలో ఉన్నారో తేలుస్తుంది. అక్కడ కంచె దాటాలంటే దాటడానికి కేటాయించిన చోటే నొక్కాలి, ఎందుకంటే గాలిలో ఉన్న మనిషికి గడి లేదు.

జంప్ పెట్టగానే ఎత్తు, వేగం, కిందపడే తీరు అన్నీ క్షణక్షణం లెక్కలోకి వస్తాయి. స్పేస్‌బార్ నొక్కాక సర్వర్ సరేననేదాకా ఆగితే గేమ్ మొద్దుగా అనిపిస్తుంది; కాబట్టి ఆటగాడి కంప్యూటరే ముందు గెంతించి, తర్వాత కబురు పెడుతుంది. సర్వర్ ఆ కబురును గుడ్డిగా నమ్మితే మోసగాళ్లు గాలిలో ఎగిరే ప్రోగ్రాములు రాస్తారు. మరీ గట్టిగా తనిఖీ చేస్తే, నెట్ నెమ్మదిగా ఉన్న అమాయకుడిని కొండ అంచు నుంచి పదేపదే వెనక్కి లాగుతుంది.

అంతకన్నా పెద్ద భారం మ్యాపులు తయారుచేసేవారి మీద పడుతుంది. జంప్ లేనప్పుడు ఇంటి పైకప్పు చూడడానికే. జంప్ ఉంటే దాన్ని ఎవరో ఒకరు ఎక్కి తీరుతారు. 2004లో వచ్చిన వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ తొలిరోజుల్లో ఆటగాళ్లు నిటారు కొండలను గెంతుతూ ఎక్కి, ఇంకా పూర్తికాని ప్రాంతాల్లోకి చేరుకునేవారు. ఆ దారులను తర్వాత మూయవలసి వచ్చింది. మాన్‌స్టర్‌కు అందని బండ మీద నిలబడి బాణాలు వేయడం ఇంకో తలనొప్పి. అందుకే ఆ గేములో, తనకు అందని చోట నిలబడి కొడితే, మాన్‌స్టర్ దెబ్బలు తగలని స్థితిలోకి పోయి, పూర్తి ప్రాణంతో తన చోటికి తిరిగి వెళ్లిపోతుంది.

ఇక కావాలని తీసుకునే నిర్ణయం సంగతి. 2005 నాటి గిల్డ్ వార్స్‌లో జంప్ లేదు, ఒకరి శరీరం మరొకరికి అడ్డు తగులుతుంది. ఇరుకు దారిలో ఇద్దరు యోధులు నిలబడి వెనుకనున్న వైద్యుడిని కాపాడడం అక్కడ నేర్చుకోవలసిన విద్య. తల మీదుగా గెంతనిస్తే ఆ విద్య చెల్లదు. మీ తమ్ముడికి ఈ సంగతి చెప్పి చూడండి.

జవాబు (పర్లాకిమిడి)

పై మిత్రులు చెప్పిన కారణాలన్నీ ఒప్పుకుంటాను, అయినా నా మొగ్గు జంప్ వైపే. ఫైనల్ ఫాంటసీ 14 మొదటిసారి 2010లో వచ్చినప్పుడు జంప్ లేదు; 2013లో మళ్లీ కట్టి విడుదల చేసినప్పుడు పెట్టారు. గిల్డ్ వార్స్ చేసిన సంస్థే 2012లో రెండవ భాగంలో జంప్ పెట్టడమే కాక, గెంతుకుంటూ చేరవలసిన చిక్కు దారులను ప్రత్యేకంగా నిర్మించింది. మొదటి నుంచీ లెక్కలో ఉంచుకుంటే సాధ్యమేనన్నమాట. (2002 నాటి ఫైనల్ ఫాంటసీ 11లో మామూలు జంప్ లేదు కానీ, డ్రాగూన్ అనే యోధుడికి జంప్ పేరుతో ఒక దాడి మాత్రం ఉంది!) వార్‌క్రాఫ్ట్‌లో నలభై మంది గుహ ముందు జట్టు కూడే వరకు ఊరికే గెంతుతూ నిలబడతారు. దానివల్ల యుద్ధంలో ఒరిగేదేమీ లేదు, కానీ ఆ బొమ్మ వెనుక నాలాంటి మనిషి కూర్చుని ఉన్నాడని నాకు తెలిసేది ఆ గెంతులోనే.

జవాబు (సిరొంచ, మహారాష్ట్ర)

మా గడ్చిరోలి జిల్లాలో, ముఖ్యంగా వానాకాలంలో, నెట్ ఎప్పుడు ఉంటుందో చెప్పలేం. నొక్కి నడిపించే గేములో సిగ్నల్ ఒక క్షణం పోయినా, నేను చెప్పిన చోటికి నా మనిషి నడిచి చేరుతాడు. జంప్ ఉన్న గేములో అదే క్షణం నన్ను లోయలో పడేస్తుంది. నాలాంటివారికి జంప్ లేకపోవడమే మేలు.

ప్రశ్న అడిగినవారు (రాయగడ)

అందరికీ కృతజ్ఞతలు. నిన్న రాత్రి మళ్లీ అదే గోడ దగ్గరికి వెళ్లి పరీక్షగా చూశాం. తోడేళ్లు కూడా దాన్ని దాటలేవు, అవి కూడా ద్వారం నుంచి తిరిగి రావలసిందే. బాణం మాత్రం గోడ మీదుగా పోతుంది, వైద్యుడి మంత్రమూ పోతుంది. ఈసారి వైద్యుడిని గోడకు ఇవతల ఉంచి, తమ్ముడు ద్వారానికి అడ్డంగా నిలబడ్డాడు, నేను గోడ వెనుక నుంచి బాణాలు వేశాను. ఆరు తోడేళ్లలో ఒక్కటి కూడా వైద్యుడి దాకా రాలేదు.